పాత లేత్ మళ్ళీ సూటిగా కోసేదాకా: ఇంటి వర్క్‌షాప్‌లో ఒక్కో తప్పునూ పట్టుకునే పద్ధతి

మూతపడుతున్న ఒక చిన్న షెడ్డు నుంచి నాలుగున్నర అడుగుల లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే మెషిన్) కొని ఇంటికి తెచ్చుకున్నాను. బెల్టు బిగించి, 40 మి.మీ. కడ్డీ చక్‌లో (జాబ్‌ని పట్టుకుని తిరిగే పట్టు) పట్టించి మొదటి కట్ తీశాను. 150 మి.మీ. పొడవులో 0.05 మి.మీ. టేపర్, అంటే రెండు కొసల లావులో తేడా, వచ్చింది. చక్ దగ్గర సన్నం, బయటి కొసలో లావు. హెడ్‌స్టాక్ (చక్‌ని మోసే పెట్టె లాంటి భాగం) పక్కకి తిరిగి ఉంటుందనుకుని దాని బోల్టులు వదులు చేశాను. నిజానికి హెడ్‌స్టాక్‌కి ఏమీ కాలేదు. మా షెడ్డు నేల ఒక మూల పల్లంగా ఉండడంతో బెడ్ (మిగతా భాగాలన్నీ కూర్చునే పొడవాటి బీడు దిమ్మ) మెలి తిరిగింది. కదపకూడనిదాన్ని కదిపినందుకు మళ్ళీ చోటుకి తేవడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

అప్పటి నుంచి నాకు ఒకటే నియమం. కొలత చేతిలో లేకుండా ఏ బోల్టూ తిప్పను. టేపర్ ఒక లక్షణం, జ్వరం లాంటిది. బెడ్ మెలి తిరిగినా, గైడులు (బెడ్ మీది పట్టాలు) అరిగినా, స్పిండిల్ (చక్‌ని తిప్పే ఇరుసు) వదులైనా, టెయిల్‌స్టాక్ (కడ్డీ రెండో కొసకి ఆసరా ఇచ్చే భాగం) పక్కకి జరిగినా, చివరికి కడ్డీ టూల్‌కి లొంగి వంగినా జాబ్ (కోస్తున్న ముక్క) మీద కనిపించేది టేపరే. ఏది కారణమో తేల్చడానికి ఒక వరస ఉంది. కింద రాసిన మెట్లు ఆ వరసలోనే ఉన్నాయి. ముందు మెట్టు తేలకుండా తర్వాతి మెట్టులో వచ్చే రీడింగ్‌ని నమ్మలేం.

ఎంత కచ్చితం కావాలి?

బెర్లిన్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన గియోర్గ్ ష్లెసింగర్ 1927లో మెషిన్ టూల్స్ పరీక్షలకి పట్టికలు ప్రచురించాడు. లేత్‌లో ఏ భాగాన్ని ఎక్కడ డయల్ (సన్నని కదలికని ముల్లుతో చూపే గేజ్) పెట్టి చూడాలి, ఎంత తేడా వరకు ఒప్పుకోవచ్చు అని అందులో వరసగా ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన ప్రమాణాలు చాలావరకు ఆ దారిలోనే నడిచాయి. అందులో నాకు బాగా నచ్చేది ఏమిటంటే కొన్ని తప్పులకి దిక్కు కూడా చెబుతారు. ఉదాహరణకి ఫేసింగ్ చేసిన (ముఖాన్ని చదునుగా కోసిన) పళ్ళెం నడుమ కొంచెం పల్లంగా ఉండవచ్చు, గుబ్బగా మాత్రం ఉండకూడదు. నడుమ గుబ్బ ఉన్న ముఖాన్ని ఇంకో ముఖానికి ఆనిస్తే అది ఊగుతుంది.

ఇంటి పనికి నేను పెట్టుకున్న లక్ష్యాలు ఇవి (యూనిట్ రాయని కొలతలన్నీ మి.మీ.లోనే): స్పిండిల్ లోపలి టేపర్‌లో (లోపలికి సన్నబడే రంధ్రం) అవుట్, అంటే కేంద్రం తప్పి తిరగడం, 0.01 లోపు, 150 మి.మీ. పొడవులో వ్యాసం తేడా 0.01 నుంచి 0.015, ఫేసింగ్‌లో 150 మి.మీ. పళ్ళానికి 0.01 లోపు పల్లం. బుష్‌లు, షాఫ్టులు, పుల్లీలు, బేరింగ్ సీట్లు చేసుకునేవారికి ఇది చాలు.

చేతిలో ఉండాల్సినవి

0.01 మి.మీ. డయల్ గేజ్, సందుల్లోకి దూరే లివర్ డయల్ ఒకటి, గట్టి మ్యాగ్నెటిక్ స్టాండ్, 25-50 మి.మీ. మైక్రోమీటర్, సందులు కొలిచే ఫిల్లర్ గేజ్, ఎత్తు సర్దడానికి రకరకాల మందాల్లో షిమ్ రేకులు. వీటిలో స్టాండ్ మీద పిసినారితనం చేయకండి. చవక స్టాండ్ వేలు తగిలితే చాలు 0.02 కదులుతుంది, లేని తప్పు కోసం వారం రోజులు వెతికిస్తుంది.

మీటరుకి 0.02 మి.మీ. చూపే ఇంజనీర్స్ లెవెల్ ఉంటే పని తొందరగా అవుతుంది. తాపీ మేస్త్రి వాడే లెవెల్ ఇక్కడ పనికిరాదు. కొత్తది ఖరీదు, కాబట్టి తెలిసిన టూల్‌రూమ్‌లో ఒక రోజుకి అడిగి తెచ్చుకోవచ్చు. లెవెల్ లేకపోయినా పని ఆగదు, ఎందుకంటే చివరి తీర్పు కోసిన లోహానిదే. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్ళకి ఇలాంటి సామాను వెతకడానికి రాణిగంజ్, విజయవాడ వైపు వాళ్ళకి ఆటోనగర్ మంచి చోట్లు.

మొదటి మెట్టు: కడగడం

ఇది మెషిన్‌ని అందంగా చేయడానికి కాదు. సాడిల్ (టూల్‌ని మోస్తూ బెడ్ మీద నడిచే భాగం) కింద, గిబ్ పట్టీల (స్లైడ్‌లో వదులు తీసేవి) వెనక, క్రాస్‌స్లైడ్ (సాడిల్ మీద అడ్డంగా నడిచే భాగం) నట్టు చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న ముద్దలో బీడు ఇనుము పొడి, ఎమరీ రవ్వ, ఎండిన గ్రీజు కలిసి ఉంటాయి. ఆ ముద్ద ఒక వైపు 0.05 మందం ఉంటే మీ రీడింగ్ అంతా దానిదే.

మెయిన్ స్విచ్ ఆపి ఫ్యూజు తీసేయండి. క్రాస్‌స్లైడ్, దాని మీదుండే చిన్న స్లైడ్ కాంపౌండ్ విప్పి కిరోసిన్‌లో బ్రష్షుతో కడగండి. సాడిల్ చివర్లలో ఉండే ఫెల్ట్ వైపర్లు పారేసి కొత్తవి పెట్టండి. పాత ఫెల్ట్‌లో ఇరుక్కున్న రవ్వే బెడ్‌ని సానబెట్టినట్టు అరగదీస్తుంది. బెడ్ మీద తుప్పు మచ్చలుంటే నూనె రాసి, వాడిగా ఉన్న బ్లేడుని వాలుగా పట్టి గీకండి. ఎమరీ పేపర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి. గైడుల మీద దెబ్బ తగిలి లేచిన అంచులుంటే సన్నని నూనె రాయితో పైపైన రుద్దాలి. అది పొంగిన అంచునే తాకుతుంది, పల్లంలో ఉన్నదాన్ని ముట్టుకోదు.

గ్యాప్ బెడ్ లేత్ (పెద్ద జాబ్ పట్టడానికి చక్ ముందు బెడ్ ముక్క విప్పే వీలున్నది) అయితే గ్యాప్ ముక్కని సరదాకి కూడా విప్పకండి. ఫ్యాక్టరీలో దాన్ని బిగించిన తర్వాతే బెడ్‌ని గ్రైండ్ చేస్తారు. ఒకసారి తీశాక మళ్ళీ అదే చోట కూర్చోబెట్టడం చాలా కష్టం.

రెండో మెట్టు: వదులు తీయడం

క్రాస్‌స్లైడ్‌కి పక్క నుంచి డయల్ ఆనించి చేత్తో అటూ ఇటూ గట్టిగా తొయ్యండి. 0.02 కన్నా ఎక్కువ ఊగితే గిబ్ వదులుగా ఉందని అర్థం. స్క్రూలన్నీ ముందు వదులు చేసి, మధ్య నుంచి మొదలుపెట్టి చివరలకి వెళ్తూ ఒక్కోటీ తగిలేదాకా బిగించి, లాక్‌నట్ వేయండి. హ్యాండిల్ తిప్పితే వెన్నలో కత్తి దిగినట్టు ఒకే బరువుతో కదలాలి. దారి మధ్యలో వదులుగా, చివర్లలో బిగుతుగా ఉంటే డవ్‌టెయిల్ (స్లైడ్ జారే వాలు అంచుల గాడి) మధ్యలో అరిగిందని అర్థం. అప్పుడు బిగుతు చోటికి సరిపడా గిబ్ పెట్టి ఊరుకోండి. దాని సంగతి స్క్రాపింగ్ (చేత్తో గీకి చదును చేయడం) దగ్గర చూద్దాం.

సాడిల్ వెనక బెడ్ అంచు కిందికి ఒక పట్టీ వచ్చి ఉంటుంది. సాడిల్ పైకి లేవకుండా పట్టుకునేది అదే. చాలా పాత మెషిన్లలో అది ఊడి ఉంటుంది, లేదా దాని కింద 0.3 ఖాళీ ఉంటుంది. ఫిల్లర్ గేజ్ పెట్టి చూసి షిమ్ తీస్తూ 0.03 వరకు తగ్గించండి. పార్టింగ్ టూల్ (జాబ్‌ని తెంచే సన్నని టూల్) దిగబడి జాబ్ ఎక్కి కూర్చునే బాధ సగం ఇక్కడే పోతుంది.

హ్యాండిల్‌లో ఉండే బ్యాక్‌లాష్ గురించి టెన్షన్ పడకండి. స్క్రూ, నట్టు అరిగితే పావు మిల్లీమీటరు ఖాళీ తిరగడం మామూలే. ఎప్పుడూ ఒకే వైపు నుంచి కొలతకి వస్తే దానివల్ల జాబ్ చెడదు.

మూడో మెట్టు: స్పిండిల్

అరగంట మధ్యస్థ వేగంలో ఖాళీగా తిప్పి బేరింగులు వేడెక్కాక చూడాలి. చక్ విప్పేసి స్పిండిల్ లోపలి టేపర్‌ని గుడ్డతో, ఆ తర్వాత వేలితో తుడవండి. గుడ్డకి అందని రవ్వ వేలికి తెలుస్తుంది. లివర్ డయల్ కొసని టేపర్ లోపల ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పండి. ముల్లు మొత్తం కదలిక 0.01 లోపు ఉంటే మంచి స్పిండిల్.

తర్వాత ఎత్తి చూసే పరీక్ష. స్పిండిల్ ముక్కు పైన డయల్ ఆనించి, ముక్కు కింద కర్ర దుంగతో లీవర్ వేసి పైకి ఎత్తి వదలండి. టేపర్ రోలర్ బేరింగులైతే 0.01 దాటకూడదు. కంచు బుష్‌లైతే నూనె పొరకి చోటు కావాలి కాబట్టి 0.02, 0.03 ఉండడం తప్పు కాదు. అంతకన్నా ఎక్కువైతే వెనక ఉండే అడ్జస్టింగ్ నట్‌ని కొద్దికొద్దిగా బిగిస్తూ, ప్రతిసారీ అరగంట తిప్పి, బేరింగ్ ఉన్నచోట హెడ్‌స్టాక్ మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి ఉంచలేనంత వేడెక్కితే ఎక్కువ బిగించారన్నమాట, వెనక్కి రండి.

ఈ మెట్టులో ఎక్కువమంది పొరబడేది చక్ విషయంలో. త్రీ జా చక్‌లో (మూడు దవడలూ కలిసి కదిలేది) కడ్డీ 0.08 అవుట్ తిరిగితే లేత్ పాడైందనుకుంటారు. పాత త్రీ జా చక్ అంత అవుట్ ఉండడం సాధారణం, దానికీ స్పిండిల్‌కీ సంబంధం లేదు. ఒకే పట్టులో కోసిన వ్యాసాలన్నీ చక్ ఎంత అవుట్ ఉన్నా ఒకే కేంద్రానికి వస్తాయి. తీసి మళ్ళీ పట్టించాల్సిన పనికి ఫోర్ జా చక్ (నాలుగు దవడలూ విడివిడిగా కదిలేది) వాడి డయల్‌తో సెట్ చేసుకోండి.

నాలుగో మెట్టు: బెడ్ మెలి తీయడం

ఈ మొత్తం పనికి గుండెకాయ ఇదే. చూడ్డానికి అంత దిట్టంగా ఉండే బీడు బెడ్ మెలి తిరుగుతుందా అని అనుమానం వస్తుంది. తిరుగుతుంది. నాలుగు కాళ్ళలో ఒకటి నేలకి ఆనకపోతే బోల్టు బిగించగానే బెడ్ ఆ మూలకి లొంగుతుంది.

మెషిన్ నీటిమట్టానికి సరిగ్గా ఉండాల్సిన పని లేదు. కాస్త ఒక వైపు వాలి ఉన్నా సూటిగానే కోస్తుంది. చక్ దగ్గర బెడ్ అడ్డంగా ఎంత వాలి ఉందో టెయిల్‌స్టాక్ కొస దగ్గరా అంతే వాలి ఉండాలి, అది చాలు. అందుకే మీ లెవెల్‌కి క్యాలిబ్రేషన్ పోయినా పర్వాలేదు. రెండు చోట్లా ఒకే రీడింగ్ చూపాలి, అంతే.

లెవెల్‌ని క్రాస్‌స్లైడ్ మీద అడ్డంగా, అంటే బెడ్‌కి అడ్డుగా పెట్టండి. సాడిల్‌ని చక్ దగ్గరికి తెచ్చి, బుడగ నిలిచేదాకా ఆగి, రీడింగ్ రాసుకోండి. సాడిల్‌ని టెయిల్‌స్టాక్ కొసకి నడిపి మళ్ళీ రాయండి. మొదటిసారి నా లేత్ మీద చక్ దగ్గర బుడగని మధ్యకి తెచ్చి కొసకి నడిపితే అది స్కేలు దాటి గొట్టం చివరికి పోయింది. ముందు కాలు కింద షిమ్‌లు చేరుస్తూ పోతే నాలుగోసారికి బుడగ స్కేలు లోపలికి వచ్చింది. మార్చేది ఎప్పుడూ టెయిల్‌స్టాక్ వైపు కాళ్ళ దగ్గరే. ప్రతిసారీ నాలుగు బోల్టులూ ఒకే బలంతో బిగించి, పది నిమిషాలు ఆగి చూడండి. బీడు ఇనుము మనం తొందరపడినంత తొందరగా సర్దుకోదు.

రేకు షెడ్డులో ఎండాకాలం మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు. కిటికీలోంచి ఎండ బెడ్‌కి ఒక పక్కే తగిలితే ఆ పక్క సాగుతుంది. తెల్లవారుజామున చేస్తే రీడింగులు నిలకడగా ఉంటాయి.

ఐదో మెట్టు: రెండు కాలర్ల పరీక్ష

లెవెల్ ఏం చెప్పినా తీర్పు ఇక్కడే. 40 లేదా 50 మి.మీ. మెత్తటి ఉక్కు కడ్డీని ఫోర్ జా చక్‌లో 160 మి.మీ. బయటికి వచ్చేలా పట్టించండి. టెయిల్‌స్టాక్ ఆసరా ఇవ్వకూడదు. కడ్డీ మధ్య భాగాన్ని 2 మి.మీ. లోతు తగ్గించి, రెండు కొసల్లో 15 మి.మీ. వెడల్పు కాలర్లు వదలండి. వాడిగా నూరిన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో, కాంపౌండ్ ముట్టుకోకుండా, క్రాస్‌స్లైడ్ హ్యాండిల్ కదపకుండా, ఒకే ఆటో ఫీడ్‌లో రెండు కాలర్ల మీదా 0.05 కట్ తీయండి. సన్నని కడ్డీ, మొద్దు టూల్, లోతు కట్ వాడితే బయటి కొస టూల్‌కి లొంగి వెనక్కి పోతుంది. అప్పుడు అక్కడ లావుగా వస్తుంది, మీరు లేత్‌ని అనుమానిస్తారు.

కడ్డీ చల్లారాక కొలవండి. 50 మి.మీ. వ్యాసం ఉక్కు 20 డిగ్రీలు వేడెక్కితే 0.01 మి.మీ. కన్నా కాస్త ఎక్కువే ఉబ్బుతుంది. మనం వెతుకుతున్న తప్పు కూడా అంతే.

బయటి కాలర్ లావుగా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు ఎత్తాలి. ముందు వైపు అంటే మనం నిలబడే వైపు. ఎందుకో ఒకసారి కళ్ళు మూసుకుని ఊహించండి. ముందు గైడు పైకి లేస్తే సాడిల్ వెనక్కి ఒరుగుతుంది, దాని మీదున్న టూల్ కొస జాబ్ వైపు జరుగుతుంది, జాబ్ సన్నం అవుతుంది. బయటి కాలర్ సన్నగా ఉంటే అదే వైపు వెనక కాలు ఎత్తండి.

ఎంత ఎత్తాలి? నా లేత్‌లో బెడ్ నుంచి సెంటర్ ఎత్తు 165, ముందు వెనక గైడుల మధ్య దూరం 220. అంటే గైడు దగ్గర 0.02 తేడా వస్తే టూల్ కొస దగ్గర 0.015, జాబ్ వ్యాసంలో 0.03. కానీ కొస కాలు దగ్గర మనం ఇచ్చే మెలి బెడ్ పొడవంతా పంచుకుంటుంది. కాలర్ల మధ్య దూరం 150 మాత్రమే కాబట్టి మీటరు పొడవు బెడ్‌లో ఏడో వంతే ఇక్కడ కనిపిస్తుంది. లెక్క వేస్తే కాలర్లలో 0.05 తేడా పోవాలంటే కొస దగ్గర గైడు 0.22 దాకా లేవాలి. 0.05 షిమ్ పెట్టి ఏమీ మారలేదని నిరాశపడే వాళ్ళకి ఈ లెక్క తెలియాలి. బెడ్ మెలి తీశాక నా లేత్‌లో తేడా 0.012కి దిగింది, ఇంకే భాగమూ ముట్టుకోకుండానే.

కోయకుండా చూడాలంటే ఇంకో దారి ఉంది. రెండు కొసల్లో ఒకే వ్యాసం ఉన్న కడ్డీ ఏదైనా చక్‌లో పట్టించండి, అది వంకరగా తిరిగినా సరే. టూల్‌పోస్ట్ మీద డయల్ పెట్టి ముందు వైపు నుంచి చక్ దగ్గర ఆనించి, చక్‌ని ఒక చుట్టు తిప్పి ముల్లు చూపిన గరిష్ఠం, కనిష్ఠం రాసి సగటు తీయండి. డయల్‌ని సున్నా చేయకుండా సాడిల్‌ని కొసకి నడిపి మళ్ళీ అంతే చేయండి. రెండు సగటుల తేడా స్పిండిల్ గీతకీ సాడిల్ నడకకీ మధ్య ఉన్న తేడా. కడ్డీ వంకర సగటులో కొట్టుకుపోతుంది. కట్ చేసి చూసిందీ ఇదీ రెండూ ఒకే మాట చెబితే నిశ్చింతగా ఉండండి. ఇది బాగుందని చెప్పి కట్ మాత్రం టేపర్ వస్తే టూల్‌నీ కడ్డీ లొంగడాన్నీ అనుమానించండి.

మెలి పూర్తిగా తీశాక కూడా టేపర్ మిగిలి, అది పొడవునా ఒకే వాలులో ఉంటే, అప్పుడు హెడ్‌స్టాక్ వైపు చూడవచ్చు. వీ గైడు మీద కూర్చునే హెడ్‌స్టాక్ దానంతటది తిరగదు. దాని కింద రవ్వ ఇరుక్కున్నా, ఎవరైనా విప్పి పెట్టినా తప్ప. ఫ్లాట్ బెడ్ మీద బోల్టులతో నిలబడే రకమైతేనే పక్కకి తిప్పే వీలుంటుంది. అప్పుడు కూడా డయల్ ఆనించి ఉంచి, బోల్టులు సగం వదులు చేసి, రాగి సుత్తితో తట్టాలి.

ఆరో మెట్టు: అరుగుదల ఎక్కడ ఉందో పటం గీయడం

లేత్ జీవితమంతా చక్ ముందు ఒక జానెడు, రెండు జానల దూరంలోనే పని చేస్తుంది. అందుకే అరుగుదల అక్కడే, అదీ ముందు గైడు మీద. టెయిల్‌స్టాక్ నడిచే లోపలి గైడులు సాడిల్‌వి కాకపోతే అవి చాలావరకు కొత్తగా ఉంటాయి. మనకి ఉచితంగా దొరికిన స్కేలు అదే. సాడిల్ మీద డయల్ బిగించి కొసని టెయిల్‌స్టాక్ ఫ్లాట్ గైడు మీద ఆనించండి. సాడిల్‌ని కొస నుంచి చక్ వైపు 50 మి.మీ. చొప్పున నడుపుతూ ప్రతిచోటా రీడింగ్ కాగితం మీద రాయండి. గీత గీస్తే చక్ దగ్గర ఎంత దిగిందో బొమ్మలా కనిపిస్తుంది.

దిగిన లోతు చూసి భయపడకండి. టూల్ 0.1 నిలువుగా కిందికి దిగితే 50 మి.మీ. జాబ్ వ్యాసంలో వచ్చే తేడా అర మైక్రాన్ కూడా ఉండదు. బాధ పెట్టేది ఒరగడం. ముందు గైడు ఒక్కటే 0.1 అరిగితే సాడిల్ మన వైపు ఒరిగి, నా లేత్ కొలతల్లో టూల్ 0.075 వెనక్కి వస్తుంది, జాబ్ చక్ దగ్గర 0.15 లావు అవుతుంది. రెండు గైడులూ సమానంగా అరిగిన లేత్ కన్నా ఒకటే అరిగిన లేత్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

మెలికీ అరుగుదలకీ తేడా ఎలా తెలుస్తుంది? కడ్డీ మీద రెండు కాలర్లకి బదులు నాలుగు వదిలి కోయండి. వ్యాసం కొస వైపు సమానంగా మారుతూ పోతే మెలి. చక్ దగ్గరి రెండు కాలర్లలో ఎక్కువ తేడా ఉండి తర్వాత సర్దుకుంటే అరుగుదల. అరుగుదలని కప్పిపుచ్చడానికి బెడ్‌ని మెలి తిప్పే అలవాటు కొందరికి ఉంది. ఆ 150 మి.మీ.లో సరిపోతుంది, 400 మి.మీ. షాఫ్టు పెట్టిన రోజు బయటపడుతుంది.

మొత్తం అరుగుదల 0.05 లోపైతే నేను బెడ్ జోలికి వెళ్ళను. అంతకన్నా చాలా ఎక్కువైతే బాలానగర్ లాంటి పారిశ్రామికవాడల్లో స్లైడ్‌వే గ్రైండింగ్ చేసేవాళ్ళని అడగండి. ఒప్పుకునే ముందు ఒక విషయం లెక్కలో పెట్టుకోండి. బెడ్‌ని 0.3 గ్రైండ్ చేస్తే సాడిల్ అంత కిందికి దిగుతుంది, దానితో ఏప్రన్ (సాడిల్ ముందు వేలాడే గేర్ల పెట్టె) కూడా. లీడ్‌స్క్రూ, ఫీడ్ రాడ్ (సాడిల్‌ని నడిపే పొడవాటి స్క్రూ, కడ్డీ) బ్రాకెట్లు మాత్రం పాత ఎత్తులోనే ఉంటాయి. హాఫ్‌నట్ (లీడ్‌స్క్రూని పట్టుకునే రెండు ముక్కల నట్టు) వేస్తే లీడ్‌స్క్రూ విల్లులా వంగుతుంది. దీన్ని సరిచేయడానికి సాడిల్ అడుగున టర్‌సైట్ లాంటి ప్లాస్టిక్ షీట్ అతికించి పోయిన ఎత్తుని తిరిగి ఇస్తారు. ఈ రెండు పనులూ ఒకే చోట చేసేవాళ్ళకి ఇవ్వడం మేలు.

ఏడో మెట్టు: ఫేసింగ్

150 మి.మీ. పళ్ళెం ఒకటి ఫేస్ చేయండి. టూల్ తీసి అదే చోట డయల్ బిగించి క్రాస్‌స్లైడ్‌ని ముందుకు నడిపితే ముల్లు కదలదు, ఎందుకంటే టూల్ నడిచిన దారిలోనే డయల్ నడుస్తోంది. డయల్ కేంద్రం దాటి అవతలి సగం మీదికి వెళ్ళినప్పుడే నిజం బయటపడుతుంది. అక్కడ తప్పు రెండింతలై కనిపిస్తుంది. 0.02 కదిలితే అసలు తప్పు 0.01.

అంచు ఎత్తుగా, నడుమ పల్లంగా ఉంటే మంచిది, వదిలేయండి. గుబ్బ వస్తే ముందు సాడిల్ గిబ్‌లు, సాడిల్ లాక్ మళ్ళీ చూడండి. ఫేసింగ్ చేసేటప్పుడు సాడిల్ లాక్ బిగించడం మర్చిపోతే కట్ ఒత్తిడికి సాడిల్ జరిగిపోతుంది. అదంతా బాగుండి కూడా గుబ్బ వస్తే క్రాస్‌స్లైడ్ డవ్‌టెయిల్ స్క్రాప్ చేయడం తప్ప దారి లేదు.

ఎనిమిదో మెట్టు: టెయిల్‌స్టాక్

దీన్ని చివరికి ఉంచింది కావాలనే. బెడ్, స్పిండిల్ తేలకుండా దీన్ని సెట్ చేస్తే ఒక తప్పుతో ఇంకో తప్పుని సర్దినట్టే.

క్విల్ (టెయిల్‌స్టాక్‌లో ముందుకి జరిగే గొట్టం) లోపలి మోర్స్ టేపర్‌ని (సన్నబడే రంధ్రం) తుడిచి, సెంటర్ (కడ్డీ కొసని ఆపే మొన) కూర్చున్నాక తట్టి చూడండి. లోపల గీతలు పొంగి ఉంటే చేతి రీమర్‌తో నూనె పెట్టి తేలికగా ఒక చుట్టు తిప్పి పొంగిన అంచులు తీసేయాలి, కొత్త లోహం కోయకూడదు. 300 మి.మీ. కడ్డీని సెంటర్ల మధ్య పెట్టి రెండు కొసల్లో కాలర్లు కోసి చూడండి. టెయిల్‌స్టాక్ వైపు లావుగా ఉంటే దాన్ని మన వైపు జరపాలి, సన్నగా ఉంటే అవతలికి. జరపాల్సింది వ్యాసం తేడాలో సగమే. పక్కనున్న డయల్ చూస్తూ స్క్రూలు తిప్పండి. లాక్ బిగిస్తే ముల్లు కదులుతుంది, కాబట్టి బిగించాకే చదవాలి.

ఇప్పుడు రెండు కాలర్లూ ఒకే వ్యాసం కదా, వాటి పైభాగం మీద డయల్ నడిపితే ఎత్తు తేడా తెలుస్తుంది. పాత టెయిల్‌స్టాక్ అడుగు అరిగి కిందికి దిగి ఉంటుంది. పైభాగానికీ సోల్‌ప్లేట్ అనే అడుగు పలకకీ మధ్య కొలిచిన మందంలో షిమ్ పెట్టండి. సమానం కన్నా 0.02 ఎత్తుగా పెడతాను నేను. ఇంకో పదేళ్ళు అరిగేది కిందికే కదా.

స్క్రూలు, నట్లు

లీడ్‌స్క్రూ అరిగేది కూడా చక్ దగ్గరే. అందుకే చిన్న దారాలు (స్క్రూ మరలు) బాగా వస్తాయి, పొడవాటి దారానికి నట్టు చివరికి వెళ్ళేసరికి బిగుస్తుంది. మన దగ్గర దొరికే పాత లేత్‌ల్లో అంగుళాల లీడ్‌స్క్రూలు చాలా ఉన్నాయి. వాటి మీద మెట్రిక్ పిచ్ (మరల మధ్య దూరం) కచ్చితంగా రావాలంటే 127 పళ్ళ గేర్ ఉండాలి. 25.4ని అయిదుతో గుణిస్తే వచ్చే సంఖ్య అది. ఆ గేర్ పోగొట్టుకున్న మెషిన్ కొంటే దారం తప్పుని అరుగుదల అనుకోకండి.

స్క్రాపింగ్: ఇంట్లో ఎంతవరకు?

బెడ్ వద్దు. క్రాస్‌స్లైడ్, కాంపౌండ్, గిబ్ పట్టీలు ఓపిక ఉన్న ఎవరైనా చేయగలరు. ముందు గైడు అంచున ఫైల్‌తో ఒక గీత గీసి చూడండి. ఫైల్ జారిపోతే హార్డెన్ చేసిన బెడ్, అక్కడ స్క్రాపర్ దిగదు.

సర్ఫేస్ ప్లేట్ (కచ్చితంగా చదునైన రాతి పలక) మీద ప్రష్యన్ బ్లూని (ఎత్తు చోట్లకి అంటుకునే నీలి రంగు) బొటనవేలితో పలచగా రాయాలి. ఎంత పలచగా అంటే కింద రాయి రంగు కనిపిస్తూనే ఉండాలి. క్రాస్‌స్లైడ్ అడుగుని దాని మీద పెట్టి ఎనిమిది ఆకారంలో మెల్లగా రెండుసార్లు నడిపి ఎత్తండి. మొదటిసారి మూలల్లో రెండు మూడు నీలి మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చల్ని మాత్రమే గీకాలి. పాత చదును ఫైల్ కొసని కొంచెం వంపుగా నూరితే స్క్రాపర్ తయారు. పిడిని నడుముకి ఆనించి, రెండు చేతులతో కిందికి నొక్కి, ఒళ్ళంతా ముందుకి నెట్టాలి. గీత పొడవు గోరంత చాలు. మొదటి దఫా ఒక వాలులో, రెండో దఫా దానికి అడ్డంగా. తుడిచి మళ్ళీ బ్లూ. ఒక్కో దఫాలో పోయేది కొన్ని మైక్రాన్లే కాబట్టి మచ్చలు అయిదు, పది, ఇరవై అవుతూ పరుచుకుంటాయి. చదరపు అంగుళానికి పది, పన్నెండు మచ్చలు సమానంగా వచ్చినచోట ఆపండి. గీతల మధ్య మిగిలిన సన్నని పల్లాల్లో నూనె నిలుస్తుంది, స్లైడ్ నడక అక్కడే మారుతుంది. పాత ఫిట్టర్లు బ్లూకి బదులు రెడ్ లెడ్ వాడేవారు. అది సీసం, ఇంట్లో వద్దు.

నా క్రాస్‌స్లైడ్‌కి పధ్నాలుగు సాయంత్రాలు పట్టింది. మధ్యలో చేతులు నొప్పి పుట్టి, తొందరలో గట్టిగా గీకిన ఒక్క గీత పోవడానికి మళ్ళీ నాలుగు దఫాలు చేయాల్సి వచ్చింది. అలసిన రోజు స్క్రాపర్ పట్టుకోకండి.

అంతా అయ్యాక

గైడులకి 68 గ్రేడ్ స్లైడ్‌వే ఆయిల్ రోజూ వేయండి. లేత్ మీద ఎమరీ పట్టాల్సి వస్తే బెడ్‌ని తడి గుడ్డతో కప్పి, పని అవగానే గుడ్డ తీసేసి నూనెతో తుడవండి. చివరగా వచ్చిన రీడింగులన్నీ, అంటే స్పిండిల్ అవుట్, కాలర్ల తేడా, ఫేసింగ్ పల్లం, టెయిల్‌స్టాక్ ఎత్తు, తేదీతో సహా ఒక అట్ట మీద రాసి స్టాండ్ తలుపు లోపలి వైపు అంటించండి. పరీక్ష కడ్డీని పారేయకుండా నూనె రాసి అట్టే పెట్టండి, తర్వాతిసారి 0.05 కట్ తీస్తే సరిపోతుంది.

మొదటి నెల తర్వాత ఒకసారి, ఆ తర్వాత ఏడాదికి రెండుసార్లు కాలర్ల పరీక్ష చేయాలి. వానాకాలం దాటాక తప్పనిసరి, నేల కాస్త కుంగినా బెడ్ దాన్ని దాచుకోలేదు. పోయిన కార్తీకంలో చూస్తే నా లేత్ బయటి కాలర్ 0.01 లావుగా వచ్చింది. టెయిల్‌స్టాక్ వైపు ముందు కాలు కింద 0.05 షిమ్ ఒకటి చేర్చి, బోల్టులు బిగించి, ఒక రాత్రి వదిలేశాను. పొద్దున్నే మళ్ళీ కట్ తీస్తే మైక్రోమీటర్ రెండు కాలర్ల మీదా ఒకే గీత దగ్గర ఆగింది.